పెళ్ళింట్లో తల దిమ్మెక్కితే...

ఈవేళ మీతో ఒక చిన్న విషయం మాట్లాడాలని వచ్చాను. చిన్న విషయమే అంటున్నాను గాని, ఇది తెలియక మా ఇంట్లో ఒక మనిషిని ఇరవై ఏళ్ళపాటు అపార్థం చేసుకున్నాం. అందుకని ముందు ఆ కథ చెప్పి, తర్వాత అసలు విషయానికొస్తాను.

మా చిన్న తోడికోడలు కాపురానికొచ్చిన కొత్తలో మా ఆడపడుచు పెళ్ళి జరిగింది. ఫంక్షన్ హాల్లో పెళ్ళి. ఒక పక్క సన్నాయి మేళం, ఒక పక్క మైకులో పాటలు, మొహాల మీదికి వీడియో లైట్లు, రెండు వైపుల చుట్టాలూ కలిసి ఆరేడు వందలమంది. ముహూర్తం అయిందో లేదో ఈ అమ్మాయి కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా, సామాన్ల గదిలో బియ్యం బస్తాల పక్కన లైటార్పుకుని కూర్చునుంది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను. "బాగానే ఉందక్కయ్యా, ఊరికే" అంది. ఇంట్లో శుభకార్యం జరుగుతుంటే కోడలు ఊరికే వెళ్ళి చీకట్లో కూర్చోవడమేమిటి? అత్తయ్యగారు నొచ్చుకున్నారు. "చదువుకున్న పిల్ల, మనవాళ్ళంటే లెక్కలేదు" అన్నారెవరో. నిజం చెప్పొద్దూ, నేనూ ఒక మాట కలిపాను. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి గృహప్రవేశంలోనూ ఇదే వరస. "గదిలో కోడలు" అని ఆమెకి పేరు పడిపోయింది.

కిందటేడు మా అమ్మాయి కొడుకుని తీసుకుని ఒక పెళ్ళికి వెళ్ళాం. వాడికి నాలుగేళ్ళు. పురోహితుడుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. డోళ్ళూ, సన్నాయిలూ, వాటికి తోడు డీజే వాళ్ళ స్పీకర్లూ ఒక్కసారిగా మోగాయి. పిల్లవాడు చెవులు మూసుకుని కేకలు మొదలెట్టాడు. లడ్డూ ఇస్తానన్నాను. కసిరాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో వీపు మీద ఒకటి వేశాను. ఏడుపు ఇంకా పెరిగింది. ఇంతలో మా చిన్న తోడికోడలు గబగబా వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వాణ్ణి భుజాన వేసుకుని, తలమీంచి కొంగు కప్పి, బయట కారు దగ్గరికి తీసుకెళ్ళిపోయింది. పదిహేను నిమిషాలాగి నేను వెళ్ళి చూస్తే వాడు ఆమె ఒళ్ళో కూర్చుని గాజులు లెక్కపెడుతున్నాడు. "వాడిది అల్లరి కాదక్కయ్యా. నాకూ అంతే. ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, ఒంట్లోకి దిగుతుంది" అంది.

ఇరవై ఏళ్ళలో మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకీ చప్పుడు ఒంట్లోకి దిగడమంటే ఏమిటి? కళ్ళు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం అని మనకి అయిదు జ్ఞానేంద్రియాలున్నాయని చిన్నప్పుడే చదువుకున్నాం. ఇవి కాక, ఒళ్ళు తూలుతోందో నిలకడగా ఉందో చెప్పేది లోపలి చెవిలో ఒకటుంది. కాలూ చెయ్యీ ఎక్కడున్నాయో చెప్పేవి కీళ్ళలోనూ కండరాల్లోనూ ఉన్నాయి. ఇవన్నీ క్షణం తీరిక లేకుండా మెదడుకి కబుర్లు పంపుతూనే ఉంటాయి. మెదడు వాటిలో పనికొచ్చేవి ఉంచుకుని మిగతావి పక్కన పడేస్తుంది. ఇప్పుడు మీరిది చదువుతున్నారు కదా, మీ వీపుకి జాకెట్టు తగులుతోందన్న సంగతి నేననేదాకా మీకు గుర్తుందా? ఉండదు. అదీ మెదడు చేసే ఉపకారం. కోలిన్ చెర్రీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1953లో ప్రచురించిన పరీక్షల్లో మనుషులకి ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో ఇంకో మాట ఒకేసారి వినిపించాడు. ఒక చెవి మీద మనసు పెట్టినవాళ్ళకి రెండో చెవిలో ఏం చెప్పారో దాదాపు ఏమీ తెలియలేదట. వందమంది మాట్లాడుతున్న పెళ్ళిపందిట్లో మీరు మీ వదినగారి మాట ఒక్కటే పట్టుకోగలగడం ఇందువల్లనే.

అయితే ఈ వడపోతకీ ఒక హద్దుంది. మన వంటింటి సింకు చూడండి. కుళాయి సన్నగా తిప్పితే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. ధారగా తిప్పితే నిండుతాయి. నాలుగు కుళాయిలు ఒకేసారి తిప్పితే పొర్లి కిందపడతాయి. అందరి సింకులకీ తూము ఒకే సైజులో ఉండదు. మీకు పెద్ద తూము ఉందనుకోండి, ఎంత చప్పుడున్నా లెక్కలేదు. మీ పక్కావిడకి చిన్న తూము. ఆవిడ బడాయి పోవడం లేదు, ఆవిడ సింకు ముందు నిండింది, అంతే. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దవాళ్ళు. చెవికీ, కంటికీ, ఒంటికీ కూడా అదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి. ఈ కుళాయిలన్నీ కలిసి ఒకే సింకులో పడతాయి. ఒక్క చప్పుడయితే తట్టుకునే మనిషే, దానికి తోడు కళ్ళలో లైట్లూ, మెడకి గుచ్చుకునే జరీ, సెంట్లూ మల్లెపూలూ సాంబ్రాణీ కలిసిన వాసన, ఉక్కపోత, ఖాళీ కడుపు, నిద్రలేమి అన్నీ చేరితే తట్టుకోలేకపోతుంది. అప్పుడు గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటపడతాయి, ఎదటివాళ్ళ మాట వినిపిస్తుంది గాని అర్థం కాదు. కొందరికి ఉన్నపళంగా ఏడుపొస్తుంది, కొందరికి కోపమొస్తుంది, కొందరు బొమ్మలా బిగుసుకుపోతారు. ప్రమాదమొచ్చినప్పుడు ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో అలాగే సిద్ధమవుతుందన్నమాట. పరుగెత్తు, లేదా తిరగబడు అంటుంది. పెళ్ళిలో తిరగబడలేరు కదా, అందుకని గదిలోకి పరుగెడతారు.

మరి మన అమ్మమ్మల రోజుల్లో పెళ్ళిళ్ళు లేవా, మేళాలు లేవా అంటారేమో. ఉన్నాయి. కాని ఇంటిముందు తాటాకు పందిరి వేసి చేసేవారు. చప్పుడు నాలుగు వైపులా గాలిలోకి పోయేది. ఇప్పటి హాళ్ళలో నున్నటి టైల్సు, అద్దాలు, గట్టి గోడలు. చప్పుడు బయటికి పోలేక గోడకి తగిలి మళ్ళీ మన మీదికే వస్తుంది. మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ ఉంటుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కీ చప్పుడులోని శక్తి పది రెట్లవుతుంది. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలకు మించి ఉంటే చెవికి చేటు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగమైపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే! డీజే స్పీకరు పక్కన ఆ మాత్రం చప్పుడు ఉండనే ఉంటుంది. కాబట్టి స్పీకరు పక్క కుర్చీలోంచి లేచిపోయేవాళ్ళు సుకుమారులు కారు, తెలివైనవాళ్ళు.

ఈ ఇబ్బంది ఎవరికుంటుంది? ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లోనూ చాలామందికి ఉంటుంది. పుట్టుకతోనే ఇంద్రియాలు చురుగ్గా ఉండేవాళ్ళ గురించి ఎలైన్ ఏరన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1996లో ఒక పుస్తకం రాసింది. నూటికి 15 నుంచి 20 మంది అలాంటివాళ్ళుంటారని ఆవిడ అంచనా. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్ళకి వెలుతురూ చప్పుడూ పడవు. గర్భిణీలకి వాసనలు పడవు. ఆటిజం ఉన్న పిల్లల్లో చప్పుడుకీ, తాకిడికీ, వెలుతురుకీ అతిగా చలించడమో, అసలు చలించకపోవడమో తరచుగా కనిపిస్తుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. అలాగని చెవులు మూసుకున్న ప్రతి పిల్లవాడికీ ఆటిజం ఉందనుకుని హడలిపోకండి. ఇక వయసు మళ్ళి వినికిడి తగ్గినవాళ్ళ సంగతి విచిత్రం. చిన్న మాట వినపడదు, పెద్ద చప్పుడు మాత్రం చెవుల్లో పొడిచినట్టుంటుంది. "వినపడదంటారు, మళ్ళీ అరవొద్దంటారు" అని మనం విసుక్కుంటాం. ఆ రెండూ నిజమేనండీ.

కొందరు దీన్ని సిగ్గనీ, నలుగురిలోకి రావడానికి భయమనీ అనుకుంటారు. తేడా ఎలా తెలుసుకోవాలి? అదే మనుషులతో నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో హాయిగా కబుర్లు చెప్పగలిగి, హాల్లో మాత్రం చెప్పలేకపోతున్నారంటే అది చప్పుడు బాధ. నిశ్శబ్దంగా ఉన్నచోట కూడా మనుషులేమనుకుంటారోనని వణికిపోతుంటే అది మనుషుల భయం. రెండూ కలిసి ఉండడమూ కద్దు. చప్పుడు బాధ పడేవాళ్ళని "పొగరు, మూగిమొద్దు" అంటూ పోతే వాళ్ళకి మనుషుల భయం కూడా పట్టుకుంటుంది. ఆ తప్పు మేం చేశాం.

సరే, ఏం చెయ్యాలి? సింకు సంగతి గుర్తుంచుకోండి. కుళాయి కాస్త కట్టాలి, వెళ్ళేముందు సింకు ఖాళీగా ఉంచుకోవాలి, మధ్యమధ్య నీళ్ళు పోనివ్వాలి. ఉపాయాలన్నీ ఈ మూడింట్లోనే ఉన్నాయి.

ముందురోజు రాత్రి నిద్ర చెడగొట్టుకోకండి. పెళ్ళిలో తింటాం కదా అని ఖాళీ కడుపుతో బయల్దేరకండి, రెండు ఇడ్లీలైనా తిని వెళ్ళండి. ఒంటికి గుచ్చుకునే పట్టుచీర కంటే అలవాటైన మెత్తటి చీర మేలు. పట్టుచీరే తప్పదనుకుంటే జాకెట్టుకి లోపల నూలు గుడ్డ వేయించండి. బరువు నగ ఒకటి తగ్గితే పరువేం తగ్గదు. పిల్లలకి కొత్త బట్టలు ఒకసారి ఉతికి, మెడ దగ్గరి లేబులు కత్తిరించి వెయ్యండి. రాత్రంతా ఉండలేమనుకుంటే ముహూర్తానికి వెళ్ళాలా, భోజనాలకి వెళ్ళాలా అని ముందే తేల్చుకోండి. ఇష్టంగా ఉన్న గంట, ఏడుపుమొహంతో ఉన్న అయిదు గంటల కంటే మేలు.

అక్కడికి చేరాక మొదట మూడు చూసుకోండి. స్పీకర్లెక్కడున్నాయి, తలుపెక్కడుంది, కాసేపు కూర్చోడానికి చోటెక్కడుంది? స్పీకరుకి దూరంగా, గోడ వీపుకి ఆనేలా, తలుపు దగ్గర కూర్చోండి. వెనక ఎవరూ ఉండరు కనుక సగం గాభరా తగ్గుతుంది. ఆరుబయటైతే స్పీకరుకి రెండింతలు దూరం జరిగితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాల్లో అంత తగ్గదు గాని ఎంతో కొంత నయమే. చెవిలో దూది పెట్టుకుంటే పెద్ద ప్రయోజనం లేదు. మందుల షాపుల్లో నురగలా మెత్తగా ఉండే ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి. వాటిని వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి ఉంచాలి. జుట్టు చాటున ఎవరికీ కనిపించవు. కాని ఇంట్లో మామూలు చప్పుళ్ళకి కూడా పొద్దస్తమానం పెట్టుకోకండి. చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి, రానురాను చిన్న చప్పుడు కూడా భరించలేని స్థితి వస్తుంది.

చేతికో పని పుచ్చుకోండి. ఇది మా తోడికోడలు చెప్పిన కిటుకు. వచ్చినవాళ్ళకి గుమ్మం దగ్గర తాంబూలం సంచులందించడమో, చదివింపులు రాయడమో పెట్టుకుంటే, మనుషులు ఒక్కొక్కరుగా ఎదురొస్తారు, ఒక మాట మాట్లాడి వెళ్తారు. అందరినీ పలకరించినట్టూ ఉంటుంది, గుంపులో నలిగినట్టూ ఉండదు.

తల బరువెక్కుతున్నట్టు అనిపించగానే లేవండి, పొర్లేదాకా ఆగకండి. ఎలా లేవాలన్నది ముఖ్యం. చెప్పకుండా మాయమైతే అపార్థాలొస్తాయి. మన భాషలో గుమ్మం దాటేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. ఇక్కడా అంతే. "వదినా, తల పట్టేసినట్టుంది, పది నిమిషాలు విడిది గదిలో కూర్చుని తలంబ్రాల వేళకి వచ్చేస్తాను" అనండి. ఎప్పుడు వస్తారో చెబితే ఎవరూ నొచ్చుకోరు. గదిలో కూర్చుని ఫోను తియ్యకండి, అదీ ఒక కుళాయే. కళ్ళు మూసుకుని, ఊపిరి మామూలుగా తీసుకుని, వదిలేటప్పుడు మాత్రం ఇంకాస్త నెమ్మదిగా వదలండి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. గోడకి ఆనుకుని, చల్లటి నీళ్ళు రెండు గుక్కలు తాగండి.

పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అలరి వల్ల వచ్చే ఏడుపుకీ ఈ ఏడుపుకీ తేడా ఉంది. అలరి పిల్లవాడు మీరు చూస్తున్నారా లేదా అని ఓరకంట కనిపెడతాడు, అడిగింది ఇస్తే ఆపుతాడు. ఇది ఏమిచ్చినా ఆగదు. అప్పుడు కొట్టడం, కసరడం, "ఏమైంది, ఏమైంది" అని నలుగురూ మూగడం మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టే. మాటలు తగ్గించి బయటికి తీసుకెళ్ళండి. ముందే చెప్పి ఉంచడం మరీ మంచిది. పెళ్ళిలో గట్టిమేళం ఎప్పుడొస్తుందో మనకి తెలుసు. "తాతగారు గట్టిమేళం అంటారు, అనగానే మనిద్దరం చెవులు మూసుకుందాం" అని ఇంటి దగ్గరే ఆటలా నేర్పండి. తెలిసి వచ్చే చప్పుడు, తెలియక మీదపడే చప్పుడంత బాధించదు. పిల్లల్లో ఇంద్రియాల తీరు గురించి అమెరికాలో జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లోనే పుస్తకం రాసింది. ఇప్పుడు మన నగరాల్లోనూ ఆ పని తెలిసిన థెరపిస్టులున్నారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? ఎన్నడూ లేనిది హఠాత్తుగా చప్పుడు భరించలేకపోతే, ఒక చెవిలోనే హోరు వస్తే, కళ్ళు తిరిగి పడితే చెవి డాక్టరుకి చూపించండి. పిల్లవాడు పేరు పెట్టి పిలిచినా తిరక్కపోవడం, మాటలు రాకపోవడం కూడా ఉంటే పిల్లల డాక్టరుని ఆలస్యం చెయ్యకుండా అడగండి. అంతవరకూ వెళ్ళే శుభకార్యాలన్నీ మానేసి ఇంట్లోనే ఉండిపోతున్న మనిషిని ఊరికే వదలకండి. పూర్తిగా మానేస్తే బాధ తగ్గదు, భయం పెరుగుతుంది. వెళ్ళాలి, తక్కువసేపు ఉండాలి, కాస్త తేరుకుని మళ్ళీ వెళ్ళాలి.

ఇక కార్యం చేసేవాళ్ళకి రెండు మాటలు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు, మీకున్న హడావిడి నాకు తెలుసు. అయినా ఒక్క గది సామాన్లు పెట్టకుండా, రెండు కుర్చీలు వేసి, మంచినీళ్ళుంచి, "తలనొప్పి వచ్చినవాళ్ళు ఇక్కడ కూర్చోవచ్చు" అని మీ ఆడపడుచులకి చెప్పి ఉంచండి. పెద్దవాళ్ళ వరసకి స్పీకరు ఎదురుగా పెట్టనివ్వకండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, పండగ రోజులకి ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి మినహాయింపు తప్ప. ఇంట్లో పేరంటానికి నలుగురొచ్చినప్పుడైనా టీవీ కట్టెయ్యండి, మిక్సీ పని ముందే ముగించండి.

మొన్న మాఘమాసంలో మా మరిది కూతురి పెళ్ళయింది. ఈసారి నేను పట్టుబట్టి ఒక గది ఖాళీగా ఉంచాను. మా చిన్న తోడికోడలు గుమ్మం దగ్గర తాంబూలాలిచ్చింది, మధ్యలో రెండుసార్లు "వెళ్ళొస్తా అక్కయ్యా" అని ఆ గదిలోకి వెళ్ళొచ్చింది. మనవడు గట్టిమేళానికి చెవులు మూసుకుని నిలబడ్డాడు, డీజే మొదలయ్యాక మాత్రం తట్టుకోలేకపోయాడు, వాణ్ణి తీసుకుని నేనే బయటికెళ్ళాను. అన్నీ ఒక్కరోజులో కుదరవు కదా. అత్తయ్యగారికి ఇప్పుడు ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. పాటల చప్పుడుకి మొహం చిట్లించుకుని కూర్చున్నారు. కాసేపటికి చిన్నకోడలి చెయ్యి పట్టుకుని, "నన్నూ నీ గదిలోకి తీసుకుపోవే" అన్నారు. నేను నీళ్ళు పట్టుకెళ్ళేసరికి అత్తాకోడళ్ళిద్దరూ లైటార్పుకుని, పక్కపక్కన కుర్చీల్లో, ఏమీ మాట్లాడుకోకుండా కూర్చునున్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి కోడలో, అత్తగారో, పిల్లవాడో ఉండే ఉంటారు. ఈసారి కనిపించకపోతే వెతికి, "ఎందుకొచ్చావు ఇక్కడికి?" అనకండి. "మంచినీళ్ళు తెచ్చిపెట్టనా?" అనండి.